వారసత్వపు కథ – 6: పాలసీసాల్లో ఈగలు

గత భాగంలో బ్ర్నో మఠం తోటలో బయలుదేరి కేంబ్రిడ్జి దాకా వచ్చాం. 1866లో అచ్చయిన మెండెల్ బఠాణీల వ్యాసం 34 ఏళ్లపాటు గ్రంథాలయాల్లో దుమ్ము పట్టింది. 1900లో డీ వ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు ఒకే ఏడాది దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అది చూసి ఇంగ్లండులో బేట్సన్ మెండెల్ జెండా పట్టుకున్నాడు. ఒకప్పటి అతని స్నేహితుడు వెల్డన్ ఎదురు నిలిచాడు. 1906లో వెల్డన్ కన్నుమూసేదాకా వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంది.

అంత కొట్లాటలోనూ ఒక ప్రశ్నకు జవాబు దొరకలేదు. మెండెల్ చెప్పిన 'కారకాలు' తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి, బాగానే ఉంది. మరి అవి ఒంట్లో ఎక్కడుంటాయి? వాటిని కంటితో చూసినవాడెవరు? జవాబు దొరికిన చోటు న్యూయార్కులో ఓ ఇరుకు గది. దాన్ని వెతికిపట్టిన మనిషి ఆ జవాబును మొదట్లో నమ్మనివాడు.

అనుమానాల పెద్దమనిషి

థామస్ హంట్ మోర్గన్ 1866లో, మెండెల్ వ్యాసం అచ్చయిన ఏడాదే, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో పుట్టాడు. పెద్ద కుటుంబం. పెదతండ్రుల్లో ఒకరు అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సేనాని. ఇంట్లో గుర్రాలు, కత్తుల కబుర్లు నడుస్తుంటే ఈ కుర్రాడు పిట్టగుడ్లు, శిలాజాలు ఏరుకుంటూ తిరిగాడు. పెద్దయ్యాక పిండశాస్త్రం పట్టుకున్నాడు. కప్పగుడ్డు కప్ప ఎలా అవుతుంది, తెగిన వానపాము మళ్లీ ఎలా పెరుగుతుంది అన్నవే ఆయనకిష్టమైన ప్రశ్నలు. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చాడు.

చేత్తో చేసి చూడనిదే దేన్నీ ఒప్పుకోని స్వభావం ఆయనది. ఆ లెక్కన ఆయనకు మూడు పెద్ద అనుమానాలుండేవి. మొదటిది డార్విన్ మీద. జీవులు పరిణామం చెందాయని ఒప్పుకునేవాడు కానీ, చిన్నచిన్న తేడాలను ప్రకృతి వరణం ఏరుకుంటూ పోతే కొత్త జాతులు పుడతాయంటే నమ్మేవాడు కాదు. ఆ మాట మీద 1903లో ఒక పుస్తకమే రాశాడు. రెండోది మెండెల్ మీద. ఒక కారకంతో లెక్క కుదరకపోతే రెండంటారు, రెండుతో కుదరకపోతే ఇంకొకటి కలుపుతారు, ఇదేం గారడీ అని 1909లో కూడా సభాముఖంగా ఎద్దేవా చేశాడు. మూడో అనుమానం క్రోమోజోముల మీద. కణంలో కనిపించే ఆ దారాల్లో వారసత్వం ఉందన్న మాట ఆయనకు మరీ తొందరపాటుగా తోచింది.

తమాషా ఏమిటంటే, ఆ తొందరపాటు మాట చెప్పినవాళ్లు పరాయివాళ్లేమీ కాదు. వాళ్లలో ఒకడు కొలంబియాలోనే చదివాడు.

కణంలో పోగులు

ఆ పోగుల కథ తెలియాలంటే ఓ 30 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. జర్మనీలో రంగుల పరిశ్రమ అప్పుడే ఊపందుకుంటోంది. బట్టలకు అద్దే రంగులను పరిశోధకులు కణాలకు అద్ది చూడడం మొదలుపెట్టారు. సూక్ష్మదర్శిని కింద అంతవరకూ గాజులా కనిపించిన కణం మధ్యలో ఏదో పదార్థం రంగును పీల్చుకుని తేలింది. వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ పిల్లల కణాలమీద దీన్నే ఏళ్ల తరబడి చూశాడు. కణం రెండుగా చీలబోయే ముందు ఆ పదార్థం చిక్కటి పోగులుగా కూడుకుంటుంది. ప్రతి పోగూ నిలువునా చీలి, ఒక్కో సగం ఒక్కో వైపుకు జరుగుతుంది. ఆ తరవాతే కణం రెండవుతుంది. 1882లో ఫ్లెమింగ్ ఇదంతా బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. మన పాఠ్యపుస్తకాల్లో 'సమవిభజన' అని చదివేది దీన్నే. 1888లో వాల్డేయర్ ఆ పోగులకు క్రోమోజోములని పేరు పెట్టాడు. గ్రీకులో 'రంగు పట్టే ఒళ్లు' అని అర్థం.

అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవరి వాటా వాళ్లకు తగ్గుతుంది. కణం పంపకం అలా ఉండదు. ముందు ప్రతి దస్తావేజుకూ నకలు రాసుకుంటుంది, ఆ తరవాత మూలం ఒకరికి, నకలు ఒకరికి ఇస్తుంది. అందుకే మన వేలి చర్మంలోని కణానికీ, కాలేయంలోని కణానికీ ఒకటే దస్తావేజుల కట్ట ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. తల్లి కణం, తండ్రి కణం కలిస్తే బిడ్డ. ఇద్దరూ పూర్తి కట్ట ఇస్తే బిడ్డకు రెట్టింపు, మనవడికి నాలుగు రెట్లు, ఇలా తరతరానికీ పెరుగుతూ పోవాలి. అలా జరగడం లేదు కాబట్టి అండంలోనూ శుక్రకణంలోనూ ముందే సగానికి తగ్గించే ఇంకోరకం విభజన ఉండి తీరాలని వైస్‌మన్ ఊహించాడు. అదే 'క్షయకరణ విభజన'. అందులో తల్లివైపు పోగు, తండ్రివైపు పోగు జతగా పక్కపక్కకు చేరి, తరవాత చెరో దారీ పడతాయి. పిల్లకు చేరేది జతలో ఒకటే.

ఈ సంగతి 1902లో వాల్టర్ సటన్ అనే విద్యార్థి కళ్లకు కొత్తగా కనబడింది. కాన్సస్ పల్లెలో పొలాల మధ్య పెరిగినవాడు. అక్కడి లావుపాటి మిడతల కణాల్లో క్రోమోజోముల జతలు విడిపోవడం చూస్తూ ఉండగా అతనికి తట్టింది: మెండెల్ కారకాలు కూడా అచ్చం ఇలాగే జతలుగా ఉండి, ఇలాగే విడిపోతాయి కదా! ఒక్కో జత తక్కిన జతలతో సంబంధం లేకుండా విడిపోతే, మనిషికున్న 23 జతలతో ఒక్కరిలోనే 80 లక్షలకు పైగా కలగలుపులు సాధ్యం. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఒకరిలా ఒకరు ఎందుకుండరో దీంతో తేలిపోతుంది. జర్మనీలో సముద్రపు అర్చిన్ గుడ్లతో బొవేరీ కూడా దాదాపు ఇదే మాటకు వచ్చాడు. సటన్ గురువు విల్సన్ కొలంబియాలోనే ఉన్నాడు, మోర్గన్‌కు మంచి స్నేహితుడు. అయినా మోర్గన్ తల అడ్డంగానే ఊపాడు. పోలిక కనబడినంత మాత్రాన రుజువు అయిపోతుందా అన్నది ఆయన వాదన.

పిండిపురుగు చెప్పిన రహస్యం

మోర్గన్ అంతకుముందు పాఠాలు చెప్పిన బ్రిన్ మార్ అనే మహిళా కళాశాలలో నెటీ స్టీవెన్స్ పరిశోధన చేస్తుండేది. బడిపంతులమ్మగా ఏళ్ల తరబడి పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని, 35వ ఏట విశ్వవిద్యాలయంలో చేరిన మనిషి. 1905లో ఆమె పిండిపురుగుల కణాలు లెక్కపెట్టింది. ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములున్నాయి. మగపురుగులో పెద్దవి 19, చిన్నది ఒకటి. అంటే మగపురుగు శుక్రకణాల్లో సగం పెద్దదాన్ని మోస్తాయి, సగం చిన్నదాన్ని మోస్తాయి. పెద్దది తగిలితే ఆడ, చిన్నది తగిలితే మగ. ఇవాళ ఎక్స్, వై అని మనం పిలిచే జత ఇదే. అదే ఏడాది విల్సన్ కూడా విడిగా ఇలాంటి ఫలితానికే వచ్చాడు.

ఆడపిల్ల పుట్టిందని కోడల్ని ఆడిపోసుకున్న ప్రతి ఇంటికీ ఈ పిండిపురుగు జవాబు చెప్పి నూరేళ్లు దాటింది. బిడ్డ ఆడో మగో తేల్చే కణం వచ్చేది తండ్రి వైపు నుంచి. ఆ జవాబు ఎన్ని ఇళ్లకు చేరిందన్నది వేరే సంగతి.

స్టీవెన్స్ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె పనిని గుర్తుచేసుకుంటూ పత్రికలో నివాళి రాసింది మోర్గనే. అప్పటికి ఆయన చాలా మారిపోయాడు. ఆ మార్పు తెచ్చింది ఓ ఈగ.

అరటిపండు వాసన

మోర్గన్ ఈగల జోలికి వెళ్లింది మెండెల్‌ను పరీక్షించడానికి కాదు. 1900లో హాలండు వెళ్లి డీ వ్రీస్ తోట చూసి ముచ్చటపడ్డాడు. అక్కడ ఓ పూలమొక్క జాతిలో ఉన్నట్టుండి పూర్తిగా కొత్త రూపాలు పుట్టుకొస్తున్నాయని డీ వ్రీస్ చెప్పేవాడు. డార్విన్ చెప్పినట్టు లక్షల ఏళ్లు కాచుకోనక్కర్లేకుండా ఒక్క గెంతులో కొత్త జాతి! అలాంటి గెంతు జంతువుల్లో పట్టుకోవాలని మోర్గన్ కోరిక. కుందేళ్లు, ఎలుకలు పెంచాలంటే చోటు కావాలి, మేత కావాలి, అన్నిటికీ మించి డబ్బు కావాలి. అదే సమయంలో ఆయన దగ్గర పెయిన్ అనే విద్యార్థి మరో ప్రశ్నతో ఈగలు పెంచుతున్నాడు. గుహల్లోని చేపలకు కళ్లు లేవు కదా, చీకట్లోనే తరాలు గడిస్తే ఈగల కళ్లు కూడా పోతాయా అని. కిటికీ గట్టుమీద అరటిపండు పెడితే ఈగలు వాటంతటవే వచ్చి వాలాయి. 69 తరాలు చీకట్లో పెరిగినా వాటి కళ్లకేమీ కాలేదు. వాడని అవయవం వాడకపోవడం వల్లే పోతుందన్న పాత నమ్మకానికి అదొక దెబ్బ.

మనింట్లో బాగా ముగ్గిన అరటిపళ్ల మీద ముసురుకునే ఈగలే అవి. గింజంతైనా ఉండవు. శాస్త్రీయ నామం డ్రోసోఫిలా. పదీ పన్నెండు రోజుల్లో గుడ్డు పెరిగి పెద్ద ఈగవుతుంది. ఒక్క ఆడఈగ వందల గుడ్లు పెడుతుంది. ఏడాదికి ఇరవై ముప్పై తరాలు చూడొచ్చు. మనుషుల్లో అన్ని తరాలంటే గజపతుల కాలం దాటి వెనక్కి పోవాలి. పైగా ఈగకు క్రోమోజోములు నాలుగే జతలు.

షెర్మర్‌హార్న్ భవనంలో 613వ నంబరు గది. 16 అడుగులు, 23 అడుగులు. అందులో ఎనిమిది బల్లలు. గోడల పొడవునా అరల్లో పాలసీసాలు, సీసాల్లో అరటిపండు గుజ్జు, గుజ్జుమీద ఈగలు. ఆ పాలసీసాలన్నీ కొన్నవి కావనీ, న్యూయార్కు ఇళ్ల గుమ్మాల ముందు, విశ్వవిద్యాలయం భోజనశాలలో ఉన్నవి కొన్ని దారి తప్పి వచ్చి చేరాయనీ తరవాతి తరాలవాళ్లు నవ్వుతూ చెప్పుకునేవారు. మెట్లెక్కుతుంటేనే పులిసిన పండు వాసన. తప్పించుకున్న ఈగలు గదంతా తిరుగుతుంటాయి. చెత్తకుండీలో బొద్దింకలు. చూడడం అయిపోయిన ఈగలను మోర్గన్ చేతికందిన పలకమీదే నలిపేసేవాడు.

పని ఎలాగంటే, సీసాలోని ఈగలకు ఈథర్ వాసన చూపించి మత్తు ఎక్కించాలి. తెల్లటి పలకమీద పరిచి, భూతద్దం పెట్టి ఒక్కోదాన్నీ తిప్పి చూడాలి. రెక్క, వెంట్రుక, కన్ను, రంగు. అలా వేలకు వేలు. జత కలపాలంటే ఇంకా జాగ్రత్త. ఆడఈగ బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే మగవాటి నుంచి విడదీయాలి, లేదంటే తండ్రి ఎవరో లెక్క తప్పుతుంది. పెళ్లిళ్ల పేరయ్య పనిలో కూడా ఇంత కట్టుదిట్టం ఉండదు.

వేడి చేశారు, ఆమ్లాలు, క్షారాలు పెట్టి చూశారు, రేడియం కూడా చూపించారు. రెండేళ్లు గడిచాయి. గెంతు రాలేదు. 1910 మొదట్లో గది చూడడానికొచ్చిన ఓ స్నేహితుడికి సీసాల వరస చూపించి, రెండేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని మోర్గన్ వాపోయాడట.

తెల్లకళ్ల మగఈగ

ఈ జాతి ఈగకు కళ్లు ఎర్రగా ఉంటాయి. 1910లో ఒక సీసాలో కళ్లు తెల్లగా ఉన్న మగఈగ కనబడింది. నీరసంగా ఉందట. మోర్గన్ దాన్ని సీసాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి పక్కలో పెట్టుకుని పడుకునేవాడని చెబుతారు. కాన్పయి ఆసుపత్రిలో ఉన్న భార్య లిలియన్ ఆయన్ను చూడగానే "ఈగ ఎలా ఉంది?" అని అడిగిందనీ, జవాబు అంతా చెప్పాక ఆయన "బిడ్డ ఎలా ఉంది?" అన్నాడనీ ఇంకో కథ. తేదీలు అంత కచ్చితంగా కుదరవు కానీ, ఆ ఇంటి వాతావరణం ఎలాంటిదో ఆ కథ చెబుతుంది. లిలియన్ కూడా జీవశాస్త్రవేత్తే. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక ఆవిడా ఈగల గదిలో తన పని తాను చేసుకుంది.

ఈగ ప్రాణం పోకముందే ఎర్రకళ్ల ఆడఈగలతో జత కలిపారు. పుట్టిన 1,237 ఈగలకూ ఎర్రకళ్లే. విడిగా మూడు తెల్లకళ్ల మగవి మాత్రం వచ్చాయి, వాటిని పక్కనపెట్టారు. ఈ పిల్లల్ని ఒకదానితో ఒకటి కలిపితే రెండో తరంలో ఎర్రకళ్ల ఆడవి 2,459, ఎర్రకళ్ల మగవి 1,011, తెల్లకళ్ల మగవి 782. నాలుగింట ఒకటి తెల్లది కావాలన్న మెండెల్ లెక్కకు దగ్గరగానే ఉంది. తెల్లకళ్ల ఈగలు కాస్త బలహీనమైనవి కనుక కొన్ని రాలిపోయి ఉంటాయి.

అయితే తెల్లకళ్ల ఆడఈగ ఒక్కటి లేదు! ఆడవాటికి తెల్లకళ్లు రావేమోనని తెల్లకళ్ల తాతను దాని కూతుళ్లతోనే కలిపి చూస్తే, తెల్లకళ్ల ఆడవీ పుట్టాయి. అంటే వచ్చే అవకాశం ఉంది, వచ్చే దారే వేరు.

ఆ దారిని మన ఇళ్ల భాషలో చెప్పుకోవచ్చు. తాత తెల్లకన్ను కూతురిలో దాగింది, ఆమె కొడుకులో బయటపడింది. 'మేనమామ పోలిక' అని మనవాళ్లు అంటుంటారు. అన్ని పోలికలకూ అది వర్తించదు కానీ, ఈ ఈగ కంటికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. మగవాడికి ఎక్స్ ఒకటే, అదీ తల్లి ఇచ్చిందే. అందులో లోపం ఉంటే కప్పిపెట్టే రెండో ఎక్స్ లేదు. ఆడదానికి రెండు ఎక్స్‌లు. ఒకటి తెల్లదైనా రెండోది ఎర్రదైతే కన్ను ఎర్రగానే ఉంటుంది. కనుక ఆ తెల్లకంటి కారకం ఎక్స్ క్రోమోజోము మీద కూర్చుని ఉండాలి.

మోర్గన్ ఒక్కరోజులో ఒప్పుకోలేదు. మొదటి వ్యాసం చాలా ఆచితూచి రాశాడు. 1911 నాటికి ఇంకొన్ని ఇలాంటి కారకాలు అదే దారిలో నడవడం చూశాక లొంగిపోయాడు. రెండేళ్ల కిందట సభలో ఎవరిని ఎద్దేవా చేశాడో, ఇప్పుడు వాళ్ల పక్షాన నిలబడ్డాడు. పరువు పోతుందని పాతమాట పట్టుకుని వేలాడలేదు. ఈ ధారావాహికలో ఇప్పటిదాకా ఎందరో పండితులను చూశాం. తాను తప్పని అచ్చులో ఒప్పుకున్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంతమందే.

ముగ్గురు కుర్రాళ్లు

ఈగల గదికి ప్రాణం పోసింది విద్యార్థులు. ఆల్‌ఫ్రెడ్ స్టర్టివాంట్ చిన్నప్పుడు అలబామాలోని తమ పొలంలో తండ్రి గుర్రాల వంశావళులు రాసుకునేవాడు. గుర్రాల రంగుల మీద రాసిన వ్యాసం మోర్గన్‌కు చూపించి గదిలో చోటు సంపాదించాడు. అతనికి ఎరుపు, పచ్చ రంగుల తేడా సరిగా తెలిసేది కాదు. ఆ వర్ణాంధత్వం కూడా ఎక్స్ క్రోమోజోము మీదే వస్తుందని విల్సన్ 1911లో చెప్పాడు. తెల్లకన్ను ఈగకు వచ్చిన దారిలోనే ఆ కుర్రాడి కళ్లకూ ఆ లోపం వచ్చింది.

కాల్విన్ బ్రిడ్జెస్‌ను సీసాలు కడగడానికి పెట్టుకున్నారు. మందపాటి గాజు లోపల, భూతద్దం లేకుండానే, సింధూరం రంగు కళ్లున్న ఈగను పట్టేశాడు. సీసాలు కడిగే పని అక్కడితో సరి. మోర్గన్ తన జేబు డబ్బు ఇచ్చి అతన్ని పరిశోధనలోకి తీసుకున్నాడు. గదికి భూతద్దం బదులు మంచి సూక్ష్మదర్శినినీ, కుళ్లిపోయే అరటిపండు బదులు నిలవుండే మేతనూ తెచ్చింది ఈ కుర్రాడే.

హెర్మన్ ముల్లర్ న్యూయార్కు పేదింటి బిడ్డ. బ్యాంకులో, హోటల్లో పనిచేస్తూ చదువుకున్నాడు. అందరికంటే చురుకైనవాడు, అందరికంటే త్వరగా నొచ్చుకునేవాడు కూడా. రోజంతా కబుర్లతో, వాదాలతో గడిచే గదిలో ఒక ఆలోచన ఎవరిదో విడదీయడం కష్టం. నేనన్న మాటే తరవాత వేరేవాళ్ల పేరుమీద అచ్చయిందన్న మంట ముల్లర్‌కు జీవితమంతా ఉండిపోయింది. మోర్గన్, స్టర్టివాంట్ ఆ మంటను పెద్దగా పట్టించుకోలేదు. ఈ పగ వచ్చే భాగాల్లో మళ్లీ తలెత్తుతుంది.

వేసవి వస్తే గది మొత్తం సముద్రతీరంలోని వుడ్స్ హోల్ పరిశోధనశాలకు తరలివెళ్లేది. పెట్టేబేడా, పిల్లాజెల్లా, సీసాల్లో ఈగలూ అన్నీ.

ఒక రాత్రి గీసిన పటం

ఒకే క్రోమోజోము మీదున్న కారకాలు కలిసే రావాలి. కానీ అప్పుడప్పుడు విడిపోయి వస్తున్నాయి. ఇదేమిటి? బెల్జియంలో జాన్సెన్స్ అనే క్రైస్తవ మతగురువు 1909లో ఒక సంగతి చూశాడు. క్షయకరణ విభజనలో జత పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటున్నాయి. అక్కడ తెగి, ముక్కలు మార్చుకుని మళ్లీ అతుక్కుంటాయేమోనని మోర్గన్ ఊహించాడు.

రెండు రైలుబళ్లు పక్కపక్కన ఆగి, ఎక్కడో ఒకచోట విడిపోయి, అక్కడి నుంచి వెనక పెట్టెలు మార్చుకున్నాయనుకోండి. ఇంజను దగ్గరి పెట్టె, చివరి పెట్టె విడిపోవడం తరచూ జరుగుతుంది. ఆనుకుని ఉన్న రెండు పెట్టెలు విడిపోవడం చాలా అరుదు. కారకాలు ఎంత దూరంగా ఉంటే అంత తరచుగా విడిపోతాయి.

1911 చివర్లో ఒకరోజు ఈ ముచ్చట సాగుతుండగా స్టర్టివాంట్‌కు మెరుపులా ఒకటి తట్టింది. విడిపోయే లెక్కను బట్టి వరస కట్టొచ్చు కదా! కాగితాలన్నీ ఇంటికి పట్టుకుపోయాడు. ఆ రాత్రి కాలేజీ పాఠాలు మూలపడ్డాయి. తెల్లారేసరికి ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటం సిద్ధం. పసుపు ఒళ్లు సున్నా దగ్గర, తెల్లకన్ను 1 దగ్గర, సింధూరం కన్ను 30.7, చిట్టి రెక్క 33.7, మొండి రెక్క 57.6. నిలువు గీతమీద వరసగా ఊళ్లలా. వ్యాసం 1913లో అచ్చయింది. పటం గీసేనాటికి అతనింకా డిగ్రీ విద్యార్థి.

కంటికి కనిపించని వాటి మధ్య దూరం కొలిచాడు. అంతకంటే ముఖ్యం, పటంలోని ఊళ్లన్నీ ఒకే గీతమీద పడ్డాయి. క్రోమోజోము కూడా గీతలాంటిదే. 1914లో ముల్లర్ వంగిన రెక్కల ఈగతో నాలుగో గుంపు కూడా దొరకబుచ్చుకున్నాడు. కారకాలు నాలుగు గుంపులు, క్రోమోజోములు నాలుగు జతలు. పోలిక ఇంకా పోలికేనంటే ఎలా?

ఆఖరి మేకు బ్రిడ్జెస్ కొట్టాడు. తెల్లకళ్ల తల్లి, ఎర్రకళ్ల తండ్రి. లెక్క ప్రకారం కూతుళ్లందరికీ ఎర్రకళ్లు రావాలి. అరుదుగా ఒకటీ రెండూ తెల్లకళ్ల కూతుళ్లు పుడుతున్నాయి. సిద్ధాంతం తప్పయినట్టేనా? బ్రిడ్జెస్ వేరేలా ఆలోచించాడు. అండం తయారయ్యేటప్పుడు తల్లి రెండు ఎక్స్‌లూ విడిపోవడం మరిచిపోయి ఒకే అండంలోకి వెళ్లి ఉంటాయి, తండ్రి నుంచి వై వచ్చి ఉంటుంది. అదే నిజమైతే ఆ కూతురి కణాల్లో రెండు ఎక్స్‌లు, ఒక వై కనిపించాలి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. సరిగ్గా అవే ఉన్నాయి. దారి తప్పిన ఈగే దారిని రుజువు చేసింది. 1916లో మొదలైన 'జెనెటిక్స్' పత్రిక మొదటి సంచిక మొదటి పేజీలో ఉన్నది ఈ వ్యాసమే.

పడమటి చుక్కలు

1915లో మోర్గన్, స్టర్టివాంట్, ముల్లర్, బ్రిడ్జెస్ నలుగురూ కలిసి మెండెల్ వారసత్వపు యంత్రాంగం మీద పుస్తకం వేశారు. ఇంగ్లండులో మెండెల్‌కు ఇన్నాళ్లూ గొడుగు పట్టిన బేట్సన్ మాత్రం ఒప్పుకోలేదు. రంగు పట్టే ఆ ముద్దలో అంత వైవిధ్యం ఇమిడి ఉండగలదంటే అతనికి మింగుడుపడలేదు. 1921 చివర్లో అమెరికా వచ్చి, గదిలో కూర్చుని, బ్రిడ్జెస్ పలకలు కళ్లారా చూశాక మెత్తబడ్డాడు. పడమట పొడుస్తున్న చుక్కలకు నమస్కరిస్తున్నానన్న ధోరణిలో టొరంటో సభలో మాట్లాడాడు.

1933లో మోర్గన్‌కు నోబెల్ వచ్చింది. ఆ డబ్బులో వాటా స్టర్టివాంట్, బ్రిడ్జెస్ పిల్లల చదువులకు ఇచ్చాడు. ప్రయోగశాల ఖర్చుల దగ్గర పైసా పైసా చూసే మనిషి, సొంత డబ్బు దగ్గర చేయి ఎప్పుడూ ముడవలేదు.

ఇక డార్విన్ సంగతి. ఆయన బతికుండగానే ఒక గట్టి అభ్యంతరం వచ్చిందని మూడో భాగంలో చూశాం. తల్లిదండ్రుల లక్షణాలు పాలూనీళ్లలా కలిసిపోతే, కొత్తగా పుట్టిన మంచి లక్షణం నాలుగు తరాల్లో పలచబడి మాయం కావాలి కదా, ఇక ప్రకృతి దేన్ని ఏరుకుంటుంది? డార్విన్ దగ్గర దానికి గట్టి జవాబు లేదు. తెల్లకన్ను ఇచ్చింది. ఎర్రకళ్ల కూతురి ఒంట్లో ఒక తరమంతా దాక్కుని, మనవడిలో మళ్లీ అంతే తెల్లగా బయటికొచ్చింది. గులాబీ రంగుకు దిగలేదు. లక్షణం నీళ్లలో పాలు కాదు, మూటలో గింజ. ఎన్ని మూటలు మారినా గింజ గింజే.

మోర్గన్ వెతికింది ఒక్క గెంతులో పుట్టే కొత్త జాతి కోసం. దొరికింది కళ్ల రంగు మారిన అదే పాత ఈగ. ఎర్రకళ్లవాటితో హాయిగా జత కట్టి పిల్లల్ని కన్న ఈగ. ఏళ్లు గడిచేకొద్దీ సీసాల్లో ఇలాంటి చిన్నచిన్న మార్పులే పదులకొద్దీ బయటపడ్డాయి. డార్విన్ అన్న చిన్న తేడాలు ఇవే కదా! 1916 నాటికి ప్రకృతి వరణం మీద మోర్గన్ మాట మెత్తబడింది. మూడు అనుమానాలతో గదిలోకి వెళ్లిన మనిషి, మూడింటినీ అరటితొక్కలతో పాటు అక్కడే వదిలి బయటికొచ్చాడు.

ఒక లెక్క మాత్రం ఆ గదిలో తేలలేదు. గింజ ఒకటి మారింది సరే, అది లక్షల జీవుల మందలో ఎంత వేగంగా వ్యాపిస్తుంది? ఎన్ని తరాలకు మంద రూపే మారుతుంది? దానికి సీసాలు చాలవు, గణితం కావాలి. వచ్చే భాగంలో ఆ గణితం పట్టుకొచ్చిన ముగ్గురిని కలుద్దాం: ఫిషర్, రైట్, హాల్డేన్. వీళ్లలో హాల్డేన్ ఇంగ్లండు వదిలి 1957లో కలకత్తా చేరి, చివరికి భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన వెంట నడిచిన శిష్యుల్లో పిఠాపురం కుర్రాడొకడున్నాడు, ద్రోణంరాజు కృష్ణారావు. మగవాళ్ల చెవులమీది వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయో వంశవృక్షాలు గీసి వెతికినవాడు. న్యూయార్కులో ఈగ కంటితో మొదలైన వెతుకులాట గోదావరి జిల్లా చెవి దాకా ఎలా వచ్చిందో వచ్చే భాగంలో.